మొక్క కేంద్రకంలో ఫాస్ఫొరైలేషన్: ఏ ప్రశ్నకు ఏ పద్ధతి?

మీ చేతిలో ఒక మొక్క ప్రోటీన్ ఉంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరో (జన్యువులను ఆన్, ఆఫ్ చేసేది), స్ప్లైసింగ్ ప్రోటీనో, మైక్రోఆర్‌ఎన్‌ఏ తయారీలో పాలుపంచుకునేదో ఏదో ఒకటి. అది కేంద్రకంలో ఉంటుందని తెలుసు. దాని మీద ఫాస్ఫేట్ ఎక్కుతోందని, అంటే ఫాస్ఫొరైలేషన్ జరుగుతోందని అనుమానం. ఇక్కడి నుంచి దారులు చీలతాయి. ల్యాబ్‌లో ఒకరు ఫాస్-ట్యాగ్ జెల్ వెయ్యమంటారు, ఇంకొకరు నేరుగా మాస్ స్పెక్‌కి పంపమంటారు, గైడ్ గారేమో సీరీన్‌ని అలనీన్‌గా మార్చి చూడమంటారు. మూడూ మంచి సలహాలే, కాకపోతే మూడూ మూడు వేరే ప్రశ్నలకు జవాబులు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది "కైనేజ్ (ఫాస్ఫేట్ పెట్టే ఎంజైమ్) ఎవరు?" అన్న ఒక్క ప్రశ్న వెంట పడి, దాన్ని తీసేసే ఎంజైమ్ అయిన ఫాస్ఫటేజ్‌ని మరిచిపోతారు. అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో కైనేజ్ జన్యువులు దాదాపు 1000 ఉంటే ఫాస్ఫటేజ్ జన్యువులు 150 చుట్టూ ఉంటాయి. ఆ 150లో సగానికి సగం పీపీ2సీ అనే ఒకే కుటుంబానివి. తక్కువమంది ఎక్కువ పని చేస్తున్నారంటే నియంత్రణలో వాళ్ల వాటా చిన్నది కాదు. పద్ధతి ఎంచుకునేటప్పుడే కాదు, శాంపిల్ తీసేటప్పుడు కూడా ముందు వాళ్ల సంగతి చూసుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సింది: మీ కేసులో మీట ఎక్కడుంది?

కేంద్రకంలో ఒక ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ పెరగడానికి దారులు చాలా ఉన్నాయి. బాగా తెలిసిన ఉదాహరణలు చూస్తే తేడా అర్థమవుతుంది.

మొదటిది అబ్‌సిసిక్ యాసిడ్ దారి. ఈ హార్మోన్ లేనప్పుడు ఏబీఐ1, హెచ్‌ఏబీ1 లాంటి పీపీ2సీలు ఎస్‌ఎన్‌ఆర్‌కే2 కైనేజ్‌లను పట్టుకుని, వాటి యాక్టివేషన్ లూప్ (కైనేజ్‌ని ఆన్ చేసే భాగం) మీదున్న ఫాస్ఫేట్‌ని తీసేస్తూ ఉంటాయి. హార్మోన్ రాగానే పీవైఆర్/పీవైఎల్ గ్రాహకాలు దాన్ని పట్టుకుని పీపీ2సీ నోరు మూస్తాయి. అప్పుడు విడుదలైన కైనేజ్ కేంద్రకంలో ఏబీఐ5, ఏబీఎఫ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల మీద ఫాస్ఫేట్ పెడుతుంది. ఈ గ్రాహకాల సంగతి 2009లో బయటపడింది. గమనించండి, ఇక్కడ హార్మోన్ నేరుగా ఆపేది ఫాస్ఫటేజ్‌ని. అంతేకాదు, ఇదే ఎస్‌ఎన్‌ఆర్‌కే2.6, అంటే ఓఎస్‌టీ1, రక్షక కణాల ప్లాస్మా పొర దగ్గర ఎస్‌ఎల్‌ఏసీ1 అనే అయాన్ ఛానల్‌ని కూడా ఫాస్ఫొరైలేట్ చేస్తుంది. కాబట్టి ఆకు మొత్తం నూరి "కైనేజ్ యాక్టివిటీ పెరిగింది" అంటే అది కేంద్రకంలోని సంగతి అవ్వాలని లేదు.

రెండోది బ్రాసినోస్టెరాయిడ్ అనే హార్మోన్ దారి. ఇక్కడ ఫాస్ఫేట్ ప్రోటీన్ చిరునామానే మారుస్తుంది. బిన్2 కైనేజ్ బీజెడ్‌ఆర్1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ మీద ఫాస్ఫేట్ పెడితే 14-3-3 ప్రోటీన్లు దాన్ని పట్టుకుని సైటోప్లాజంలో ఉంచేస్తాయి. పీపీ2ఏ అనే ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్ తీసేస్తే కేంద్రకంలోకి వెళ్లి జన్యువుల మీద పని చేస్తుంది. ఇలాంటి కేసులో "కేంద్రకంలో ఫాస్ఫొరైలేటెడ్ రూపం ఎంత?" అని మాత్రమే కొలిస్తే కథ సగమే దొరుకుతుంది, ఎందుకంటే ఆ రూపం ఎక్కువగా బయటే ఉంటుంది.

మూడోది కాంతి. ఎర్రకాంతి పడ్డాక ఫైటోక్రోమ్ (కాంతిని గుర్తించే ప్రోటీన్) కేంద్రకంలోకి చేరి పీఐఎఫ్3 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌ని కలుస్తుంది. పీఐఎఫ్3 మీద ఫాస్ఫేట్లు ఎక్కుతాయి, నిమిషాల్లోనే ప్రోటీజోమ్ (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) దాన్ని విరిచేస్తుంది. మీరు వెతుకుతున్న రూపం పుట్టగానే మాయమైపోతుందన్నమాట. ప్రోటీజోమ్‌ని ఆపే ఎంజీ132 వాడకపోతే బ్యాండ్ కనబడక "ఫాస్ఫొరైలేషన్ లేదు" అని రాసేసుకునే ప్రమాదం ఉంది.

నాలుగో రకంలో మీట అనేదే ఉండదు. కేసీన్ కైనేజ్ 2 (సీకే2) దాదాపు ఎప్పుడూ పని చేస్తూనే ఉంటుంది. సిర్కాడియన్ గడియారం (పగలు-రాత్రి లయను నడిపేది)లోని సీసీఏ1 మీద ఫాస్ఫేట్ పెట్టేవాటిలో ఇదొకటి. ఎప్పుడూ ఆన్‌లో ఉండే కైనేజ్ దగ్గర "ఎప్పుడు ఆన్ అయింది?" అని అడగడం వృథా. సబ్‌స్ట్రేట్ (కైనేజ్ ఫాస్ఫేట్ పెట్టే ప్రోటీన్) ఎప్పుడు అందుబాటులోకి వచ్చింది, ఎవరు ఫాస్ఫేట్ తీశారు అన్నవే అసలు ప్రశ్నలు.

మైక్రోఆర్‌ఎన్‌ఏ తయారీలోని హైల్1 ప్రోటీన్ దగ్గర కూడా ఫాస్ఫేట్ ఎవరు తీశారన్నదే ముఖ్యం. దాని మీది ఫాస్ఫేట్‌ని సీపీఎల్1 ఫాస్ఫటేజ్ తీస్తేనే అది సరిగా పని చేస్తుంది.

## దేనితో కొలుద్దాం?

పద్ధతులను ఈ నాలుగు ప్రశ్నలతో తూచండి. ఏ అమైనో ఆమ్లం మీదో చెబుతుందా? మొత్తం ప్రోటీన్‌లో ఎంత వంతు మీద ఫాస్ఫేట్ ఉందో చెబుతుందా? కేంద్రకంలోనే జరిగిందని చెబుతుందా? అది జరగడం వల్లే ఫలితం వచ్చిందని రుజువు చేస్తుందా?

వీటిలో రెండోదాన్ని జనం బాగా తేలిగ్గా తీసుకుంటారు. ఒక సీరీన్ మీద ఫాస్ఫేట్ "ఉంది" అనడం ఒక సంగతి, నూటికి రెండు అణువుల మీద ఉందా ఎనభై అణువుల మీదా అన్నది పూర్తిగా వేరే సంగతి. డబ్బు, సమయం కూడా లెక్కే, కానీ అవి మీ ల్యాబ్‌ని బట్టి మారతాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా వెళ్లను.

## అన్నిటికంటే ముందు: కేంద్రకాలు వేరు చెయ్యాలా, వద్దా?

ఈ ఎంపిక దగ్గర పొరపాటు జరిగితే తర్వాతి పద్ధతి ఎంత ఖరీదైనదైనా కాపాడదు.

మొదటి దారి, కణజాలాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, నూరి, నేరుగా వేడి ఎస్‌డీఎస్ బఫర్‌లోనో టీసీఏలోనో వెయ్యడం. ఎంజైములన్నీ అక్కడికక్కడే చచ్చిపోతాయి. ఫాస్ఫేట్ స్థితి ఉన్నది ఉన్నట్టు నిలిచిపోతుంది. కానీ కేంద్రకం, సైటోప్లాజం కలిసిపోతాయి.

రెండో దారి, కేంద్రకాలను విడిగా తీయడం. వడకట్టి, ట్రైటాన్‌తో క్లోరోప్లాస్ట్‌లను పగలగొట్టి, పెర్కాల్ లేదా సుక్రోజ్ మీద తిప్పి తీస్తారు. ఒక్క కణరకం కేంద్రకాలే కావాలంటే 2010లో వచ్చిన ఇంటాక్ట్ పద్ధతి ఉంది. కేంద్రకపు పొరకు బయోటిన్ తగిలించి, స్ట్రెప్టావిడిన్ పూసలతో లాగుతారు. స్థానం విషయంలో ఇక అనుమానం ఉండదు, సమయం విషయంలో మాత్రం నష్టం. ఫ్లాజెలిన్ ముక్క ఎఫ్‌ఎల్‌జీ22 ఇస్తే ఎంపీకే3, ఎంపీకే6 అనే ఎంపీ కైనేజ్‌ల యాక్టివేషన్ పదీ పదిహేను నిమిషాల్లో శిఖరానికి చేరి దిగిపోతుంది. మీ కేంద్రకాల తయారీకి అంతకంటే ఎక్కువసేపే పడుతుంది.

ఇంకో చిక్కు ప్రోటోకాల్ కాగితాల్లో కనబడదు. కేంద్రకాలు చెదరకుండా ఉండాలంటే బఫర్‌లో మెగ్నీషియం ఉండాలి. పీపీ2సీ ఫాస్ఫటేజ్‌లు పని చెయ్యడానికీ అదే మెగ్నీషియం కావాలి. చాలామంది వేసే ఒకాడాయిక్ యాసిడ్ పీపీ2ఏని, ఎక్కువ మోతాదులో పీపీ1ని ఆపుతుంది కానీ పీపీ2సీని తాకదు. అంటే "ఇన్హిబిటర్ వేశాం కదా" అని మీరు ధీమాగా ఉన్నంతసేపూ పీపీ2సీ నింపాదిగా ఫాస్ఫేట్లు ఊడదీస్తూ ఉండొచ్చు. ఈడీటీఏ వేస్తే అది ఆగుతుంది, కానీ కేంద్రకాలు చితికిపోతాయి. మీ ప్రోటీన్ అబ్‌సిసిక్ యాసిడ్ దారిలోనిదైతే ఇది చిన్న విషయం కాదు.

నేను చెప్పేదేమిటంటే, రెండు శాంపిళ్లూ తీయండి. గడ్డకట్టించి నేరుగా ఎస్‌డీఎస్‌లో కరిగించినది ఫాస్ఫేట్ స్థితికి ప్రమాణం. కేంద్రక భాగం స్థానానికి ప్రమాణం. రెండిట్లో నిష్పత్తి బాగా తేడాగా వస్తే అది జీవశాస్త్రమా, బఫర్ చేసిన పనా అన్నది ముందు తేల్చుకోండి. కేంద్రక భాగం ఎంత శుభ్రంగా ఉందో చూపడానికి హిస్టోన్ హెచ్3 (కేంద్రకపు గుర్తు) యాంటీబాడీతో పాటు ఒక సైటోప్లాజం గుర్తు కూడా తప్పకుండా పెట్టండి. పెప్ కార్బాక్సిలేజ్ సరిపోతుంది.

## పద్ధతులు ఒక్కొక్కటిగా

ఫాస్-ట్యాగ్ జెల్. హిరోషిమా విశ్వవిద్యాలయం వాళ్లు 2006లో తెచ్చిన పద్ధతి. జెల్‌లో మాంగనీస్ లేదా జింక్ పట్టుకున్న అణువు ఒకటి ఉంటుంది. అది ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్‌ని వెనక్కి లాగుతుంది, బ్యాండ్ పైన నిలబడిపోతుంది. దీనికి ప్రత్యేక యాంటీబాడీ అక్కర్లేదు, ప్రోటీన్‌కి ఒక ట్యాగ్ ఉంటే చాలు. పై బ్యాండ్, కింది బ్యాండ్ పక్కపక్కనే కనబడతాయి కాబట్టి ఎంత వంతు ఫాస్ఫొరైలేట్ అయిందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ ఒక్క గుణం కోసమే నేను మొదటి ప్రయోగంగా దీన్నే సూచిస్తాను. ఏ స్థానమో మాత్రం చెప్పదు. శాంపిల్‌లో ఈడీటీఏ మిగిలి ఉంటే మాంగనీస్‌ని లాగేసుకుని జెల్‌ని పాడు చేస్తుంది కాబట్టి ముందు ప్రోటీన్‌ని అవక్షేపించి మళ్లీ కరిగించండి. రంగు మార్కర్ల అణుభారాన్ని ఈ జెల్‌లో నమ్మకండి. బ్లాట్‌కి పంపే ముందు మాత్రం జెల్‌ని ఈడీటీఏ ఉన్న బఫర్‌లో నానబెట్టాలి, లేకపోతే ప్రోటీన్ జెల్ వదిలి రాదు. ఫాస్ఫేట్లు తీసేసే లాంబ్డా ఫాస్ఫటేజ్ వేసిన శాంపిల్ పక్క లేన్‌లో లేకుండా ఫొటో తీస్తే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

చిన్న మాట: బీజెడ్‌ఆర్1, బీఈఎస్1, పీఐఎఫ్3 లాంటివి ఫాస్ఫేట్ ఎక్కితే మామూలు ఎస్‌డీఎస్ జెల్‌లోనే పైకి జరిగి కనబడతాయి. ఫాస్-ట్యాగ్ కొనే ముందు మామూలు జెల్‌ని కాస్త ఎక్కువసేపు నడిపి చూడండి, ఖర్చు మిగలొచ్చు.

ఫాస్ఫో యాంటీబాడీ. మంచిది దొరికితే దీన్ని మించింది లేదు. ఒకే యాంటీబాడీతో బ్లాట్ చెయ్యొచ్చు, కణాన్ని రంగు వేసి కేంద్రకంలో ఉందో లేదో చూడొచ్చు. ఎంపీ కైనేజ్‌ల యాక్టివేషన్ చూడ్డానికి జంతు కణాల ఈఆర్‌కే కోసం చేసిన యాంటీబాడీనే మొక్కలవాళ్లు హాయిగా వాడుతున్నారు, ఎందుకంటే ఫాస్ఫేట్ ఎక్కే టీఈవై మోటిఫ్ (మూడు అమైనో ఆమ్లాల వరస) రెండింటిలోనూ ఒకటే. మీ ప్రోటీన్‌కి మాత్రం కొత్తగా తయారు చేయించుకోవాలి. నెలలు పడుతుంది, గ్యారంటీ లేదు. పైగా స్థానం ముందే తెలిసి ఉండాలి. అందుకే ఇది మొదటి మెట్టు కాదు.

మాస్ స్పెక్. ఫాస్ఫేట్ ఎక్కితే పెప్టైడ్ బరువు 79.966 డాల్టన్లు పెరుగుతుంది. ఆ తేడాని పట్టుకుంటుంది. టైటానియం డయాక్సైడ్ లేదా ఐరన్ కాలమ్ మీద ఫాస్ఫో పెప్టైడ్లను ఏరి పంపుతారు. ఒకే రన్‌లో వేల స్థానాలు వస్తాయి. కొత్త స్థానం కనిపెట్టడానికి దీనికి పోటీ లేదు.

అయితే కేంద్రకం విషయంలో మూడు చికాకులున్నాయి. ఎస్ఆర్ తరహా స్ప్లైసింగ్ ప్రోటీన్ల మీద ఫాస్ఫేట్లు కిక్కిరిసి ఉంటాయి, మీ అరుదైన ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ వాటి కింద మునిగిపోతుంది. లైసీన్, ఆర్జినీన్ ఎక్కువున్న కేంద్రక ప్రోటీన్లను ట్రిప్సిన్ మరీ చిన్న ముక్కలు చేస్తుంది, అవి యంత్రానికి కనబడవు. వేరే ప్రోటియేజ్‌తో ఇంకో రన్ చేయించాల్సి రావచ్చు. మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. కేంద్రక శాంపిల్‌లో ఫాస్ఫో పెప్టైడ్ రెట్టింపు అయిందంటే ఫాస్ఫొరైలేషన్ పెరిగిందనేనా? ఆ ప్రోటీనే కేంద్రకంలోకి రెట్టింపు వచ్చి ఉండొచ్చు. ఏరని శాంపిల్‌లో మొత్తం ప్రోటీన్‌ని కూడా కొలిచి భాగించకుండా ఆ గ్రాఫ్‌ని నమ్మొద్దు.

పరీక్షనాళికలో కైనేజ్ ప్రయోగం. శుద్ధి చేసిన కైనేజ్, సబ్‌స్ట్రేట్, ఫాస్ఫరస్-32 ఉన్న ఏటీపీ. జెల్ మీద మచ్చ వస్తే "చేయగలదు" అని తెలుస్తుంది. "చేస్తోంది" అని కాదు. ఫాస్ఫరస్-32 అర్ధాయువు 14.3 రోజులు, అనుమతుల గొడవ వేరే. వద్దనుకుంటే ఏటీపీ-గామా-ఎస్ దారి ఉంది. వేరు చేసిన కేంద్రకాలకే నేరుగా లేబుల్ ఇచ్చే పాత పద్ధతి కూడా ఉంది. 1985లో బఠానీ కేంద్రకాల్లో కాల్షియం, ఫైటోక్రోమ్‌ల ప్రభావాన్ని ఇలాగే చూపించారు. ఇప్పుడు చేస్తే ఒక జాగ్రత్త: కేంద్రకంలో సీకే2 పుష్కలంగా ఉంటుంది, అది ఏటీపీనే కాదు జీటీపీని కూడా వాడుకుంటుంది. మీ మచ్చ దానిదే అయ్యుండొచ్చు. హెపారిన్ వేసినప్పుడు మచ్చ పోతే అనుమానం దాని మీదే పెట్టండి.

మ్యుటెంట్లు. కారణం రుజువు చెయ్యాలంటే తప్పవు. సీరీన్‌ని అలనీన్ చేస్తే ఫాస్ఫేట్ ఎక్కదు. ఆస్పార్టేట్ చేస్తే ఫాస్ఫేట్ ఉన్నట్టు నటిస్తుందని ఆశ. ఆ రెండో ఆశ తరచూ వమ్మవుతుంది. ఫాస్ఫేట్‌కి దాదాపు రెండు రుణావేశాలుంటే ఆస్పార్టేట్‌కి ఒక్కటే, ఆకారమూ వేరు. ముఖ్యంగా 14-3-3 ప్రోటీన్లు మామూలుగా ఆస్పార్టేట్‌ని ఫాస్ఫోసీరీన్‌గా గుర్తించవు. బీజెడ్‌ఆర్1 లాంటి కేసులో ఆస్పార్టేట్ రూపం కేంద్రకంలోనే తిరుగుతుంటే "ఫాస్ఫేట్‌కి స్థానంతో సంబంధం లేదు" అని రాసేయకండి. అలనీన్ రూపం చెప్పేదానికే ఎక్కువ విలువ ఇవ్వండి. సొంత ప్రమోటర్‌తో, అసలు జన్యువు లేని మొక్కలో పెట్టండి. ఎప్పుడూ గట్టిగా పని చేసే 35ఎస్ ప్రమోటర్‌తో ప్రోటీన్ వరదలా తయారైతే ఫాస్ఫటేజ్ అందుకోలేదు, నియంత్రణ అనేదే కనబడదు.

ఫ్రెట్ సెన్సర్లు. బతికున్న కణంలో, క్షణక్షణం కైనేజ్ పనిని చూపిస్తాయి. ఎస్‌ఎన్‌ఆర్‌కే2 కోసం స్నాక్స్, ఎంపీ కైనేజ్‌ల కోసం సోమా అనేవి ఉన్నాయి. కేంద్రకానికి పంపే సంకేతం జోడిస్తే అక్కడి పని విడిగా చూడొచ్చు. కానీ ఇవి చూపేది కైనేజ్ పనిని, మీ ప్రోటీన్‌ని కాదు. ట్రాన్స్‌జెనిక్ మొక్కలు, మంచి మైక్రోస్కోప్ రెండూ లేనిచోట ఈ పేరాని వదిలేయొచ్చు.

| పద్ధతి | ఏ స్థానమో | ఎంత వంతు | కేంద్రకంలోనేనా | కారణం రుజువు |
|---|---|---|---|---|
| ఫాస్-ట్యాగ్ | చెప్పదు | బాగా చెబుతుంది | శాంపిల్‌ని బట్టి | కాదు |
| ఫాస్ఫో యాంటీబాడీ | చెబుతుంది | పోలికలో మాత్రమే | ఇమేజింగ్ కుదిరితే | కాదు |
| మాస్ స్పెక్ | బాగా చెబుతుంది | అదనపు శ్రమతో | శాంపిల్‌ని బట్టి | కాదు |
| పరీక్షనాళిక కైనేజ్ | మ్యుటెంట్ కలిపితే | చెప్పదు | చెప్పదు | సాధ్యమని మాత్రమే |
| మ్యుటెంట్లు | ముందే తెలియాలి | చెప్పదు | సంకేతాలు జోడిస్తే | చాలావరకు |
| ఫ్రెట్ సెన్సర్ | చెప్పదు | చెప్పదు | బాగా చెబుతుంది | కాదు |

## మీరు ఏ గుంపులో ఉన్నారు?

కొత్త ప్రోటీన్, ఏ స్థానమూ తెలియదు, చేతిలో కొద్ది డబ్బు: ముందు ఫాస్‌ఫాట్ లాంటి డేటాబేస్‌లో మీ ప్రోటీన్ పేరు కొట్టి చూడండి. అరాబిడాప్సిస్ అయితే ఎవరో ఎప్పుడో ఆ స్థానాన్ని చూసే ఉండొచ్చు. ఆ తర్వాత ఫాస్-ట్యాగ్, లాంబ్డా ఫాస్ఫటేజ్. బ్యాండ్ నిజంగా పైకి జరిగితేనే, ఆ ట్యాగ్‌తో ప్రోటీన్‌ని లాగి ఆ ఒక్కదాన్నే మాస్ స్పెక్‌కి పంపండి. మొత్తం ఫాస్ఫోప్రోటియోమ్ చేయించి అందులో మీ ప్రోటీన్ కోసం వెతకడం కంటే ఇది చవక, ఫలితమూ స్పష్టం.

హార్మోన్ లేదా ఒత్తిడి మీద పని చేస్తూ ఎవరు మారుతున్నారో తెలియనివాళ్లకు మాత్రం మొత్తం ఫాస్ఫోప్రోటియోమే సరైన దారి. మొదటి టైమ్ పాయింట్ ఐదు నిమిషాల్లోపే పెట్టుకోండి. గంట తర్వాత వచ్చేవాటిలో చాలావరకు జన్యువులు మారడం వల్ల వచ్చిన ప్రోటీన్ మోతాదు తేడాలే. కైనేజ్ లేని మ్యుటెంట్‌తో పాటు ఫాస్ఫటేజ్ లేని మ్యుటెంట్‌ని కూడా పెట్టండి. పీపీ2సీల్లో ఒకటి పోతే ఇంకొకటి సర్దుకుంటుంది కాబట్టి రెండు మూడు జన్యువులు కలిపి పోయిన లైన్ కావాలి. అది కైనేజ్ మ్యుటెంట్ కంటే ఎక్కువ చెప్పడం మామూలే.

కైనేజ్ పేరు తెలిసి, మ్యుటెంట్ బతకక టెన్షన్ పడుతున్నవాళ్లకు రసాయన దారి ఉంది. ఎంపీకే3, ఎంపీకే6 రెండూ పోతే పిండమే ఎదగదు. అలాంటిచోట ఏటీపీ జేబు దగ్గర ఒక్క అమైనో ఆమ్లం మార్చిన ఎంపీకే6 పెట్టి, ఎన్‌ఏ-పీపీ1 అనే మందుతో కావాల్సినప్పుడు ఆపుతారు. మామూలు ఇన్హిబిటర్లతో, ఉదాహరణకు కే252ఏతో వచ్చిన ఫలితాన్ని ఒక కైనేజ్ పేరుకి అంటగట్టకండి. అది చాలా కైనేజ్‌లను ఒకేసారి ఆపుతుంది.

మోడల్ కాని పంట మీద పనిచేసేవాళ్లకు ట్రాన్స్‌జెనిక్ కష్టం, యాంటీబాడీ దొరకదు. ఫాస్-ట్యాగ్‌కి ప్రోటోప్లాస్ట్‌లలో ట్యాగ్ చేసిన ప్రోటీన్ చాలు. కణం గోడ తీసేయడమే ఒక ఒత్తిడి కాబట్టి ఎంపీ కైనేజ్‌లు అప్పటికే లేచి ఉండొచ్చు. ప్రయోగానికి ముందు వాటిని కొన్ని గంటలు స్థిమితపడనివ్వండి.

చివరిగా, పేపర్ పంపాక "ఇది కేంద్రకంలోనే జరుగుతుందని రుజువేది?" అని రివ్యూయర్ అడిగిన వాళ్లు. కేంద్రక భాగం బ్లాట్ ఒక్కటే పెడితే సరిపోదు, బయట ఫాస్ఫొరైలేట్ అయి లోపలికి వచ్చి ఉండొచ్చని మళ్లీ రాస్తారు. అసలు కైనేజ్ లేని మొక్కలో, కైనేజ్‌కే కేంద్రకం నుంచి బయటకు పంపే సంకేతం తగిలించిన లైన్ ఒకటి, లోపలే ఉంచే సంకేతంతో ఒకటి, సంకేతంలో మార్పు చేసి చంపేసినది ఒకటి చేసి, మూడింటిలోనూ అదే బ్యాండ్‌ని ఫాస్-ట్యాగ్ మీద చూపించండి. లోపలి లైన్‌లో మాత్రమే బ్యాండ్ తిరిగి వస్తే ఆ ప్రశ్న తీరిపోతుంది. లోపలి, బయటి లైన్లు రెండిట్లోనూ వస్తే మీ పేపర్ టైటిల్‌లోంచి "కేంద్రక" అన్న మాట తీసేయాల్సి రావచ్చు.